జులై ఒకటిన పుట్టినవాళ్ళం

లైబ్రరీలో పిల్లల విభాగంలో చేరబోతున్న ఇద్దరు తెలుగమ్మాయిలు మొన్న మా ఇంటికొచ్చారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఎలా అప్లై చేయాలి అన్నీ వాళ్ళకి తెలుసు. "అవి కాదు ఆంటీ, రోజూ అసలు ఏం చేస్తారు?" అన్నారు. టీ చల్లారేదాకా చెప్పాను గానీ తృప్తి కలగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. జీతం, పెన్షన్, ఎవరు ఎప్పుడు ఏ మెట్టెక్కారు అన్నవి ఇందులో ఉండవు. ఉండేది ఒక బోర్డు సంగతి. దాంతోపాటు శ్రీకాంత్ అనే మనిషి మీద నాకున్న కుళ్ళు కూడా అడుగడుగునా కనిపిస్తుంది. దాన్ని దాచే ఉద్దేశం నాకు లేదు.

బోర్డు ఎంత ఎత్తులో ఉండాలి

మా బ్రాంచి కెనడాలోని స్కార్‌బరోలో, నాలుగు అపార్ట్‌మెంట్ టవర్ల మధ్య. బడి వదలగానే పిల్లలు నేరుగా మా దగ్గరికే వచ్చేవాళ్ళు. అమ్మానాన్నల షిఫ్టులు అయి, బస్సులు మారి ఇంటికి చేరేదాకా వాళ్ళకి మేమే దిక్కు. చలికాలం తాతలూ అమ్మమ్మలూ వెనకాల కుర్చీల్లో కోట్లు విప్పకుండానే కూర్చునేవాళ్ళు.

చేరిన కొత్తలోనే తలుపు పక్కన ఒక తెల్లబోర్డు పెట్టించాను. దాని మీద రోజూ "ఈ రోజు చరిత్రలో" అని పిల్లల కోసం ఒక సంగతి రాసేదాన్ని. దాన్ని మూడుచోట్ల సరిచూసుకుంటే తప్ప మార్కర్ మూత తీసేదాన్ని కాదు. ఎవరి పుట్టినరోజైనా అయితే, ఆ తేదీన ప్రపంచంలో ఏం జరిగిందో రంగు అట్టముక్క మీద రాసి చేతికిచ్చేదాన్ని. పిల్లలు దాన్ని బ్యాగుకి తగిలించుకుని తిరిగేవాళ్ళు. ఈ అట్టముక్క పూర్తిగా నా సొంత ఆలోచన. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం.

మొదటి నెలలో ఒక్క పిల్లా బోర్డు చదవలేదు. మా బ్రాంచి హెడ్ డయాన్ ఒకరోజు నన్ను బోర్డు ముందుకి తీసుకెళ్ళి, "మోకాళ్ళ మీద కూర్చో" అంది. చీర కట్టుకుని ఉన్నాను. అయినా కూర్చున్నాను. "ఇప్పుడు చదువు." మెడ రిక్కించి చూస్తే లైటు వెలుగు తప్ప ఒక్క అక్షరం కనిపించలేదు. ఆ సాయంత్రమే బోర్డు నా నడుం దగ్గరికి దిగింది. అప్పట్నుంచీ రోజూ వంగి రాయడం వల్ల నడుమూ మోకాళ్ళూ పాడయ్యాయి. అందుకు డయాన్‌ని తిట్టుకున్న రోజులున్నాయి. కానీ ఆవిడ చెప్పింది సరైనదే. పిల్లల పని చేసేవాళ్ళు వారానికోసారైనా నేల మీద కూర్చుని తమ గదిని తాము చూసుకోవాలి.

రెండో ప్రశ్న

నవంబరు మూడున ఒకసారి బోర్డు మీద లైకా గురించి రాశాను. 1957లో ఆ రోజున అంతరిక్షంలోకి వెళ్ళి భూమి చుట్టూ తిరిగిన మొదటి ప్రాణి ఈ కుక్క. పిల్లలకి కుక్కలిష్టం, రాకెట్లిష్టం. ఇంతకన్నా మంచి సంగతి దొరకదని మురిసిపోయాను.

ఒక చిన్నపిల్ల చదివి, "మరి ఇంటికెప్పుడొచ్చింది?" అని అడిగింది.

రాలేదు. దాన్ని వెనక్కి తెచ్చే ఏర్పాటే ఎవరూ చేయలేదు. అబద్ధం చెప్పలేను, నిజం నోట రాదు. నేను నీళ్ళు నమలడం చూసి ఆ పిల్ల తనే అర్థం చేసుకుని, కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళి బస్ షెల్టర్‌లో కూర్చుని ఏడ్చింది. వెనకే కోటు పట్టుకుని పరిగెత్తాను.

అప్పట్నుంచీ నాకొక పద్ధతి అలవాటైంది. పిల్లలు అడిగే మొదటి ప్రశ్నకి జవాబు మనం రాసిన సంగతిలోనే ఉంటుంది. వాళ్ళని ఏడిపించేదైనా నవ్వించేదైనా రెండో ప్రశ్నే. "తర్వాతేమైంది?", "ఎలా దిగాడు?", "వాళ్ళమ్మ తిట్టలేదా?" ఆ రెండో ప్రశ్నకి జవాబు చేతిలో లేకపోతే ఆ సంగతి ఎంత గొప్పదైనా బోర్డెక్కించకండి. ఇది నేను ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు.

శ్రీకాంత్ రాక

కిందటేడు చలికాలం ముందు నా మోకాలికి ఆపరేషన్ అయింది. ఇంట్లో కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్న ఆ వారాల్లో బోర్డు శ్రీకాంత్ చేతికి పోయింది.

శ్రీకాంత్‌ది నిజామాబాద్. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవాడు. ఉద్యోగం పోయాక మా దగ్గర పార్ట్‌టైమ్‌లో చేరాడు. నలభై దాటిన మనిషి నన్ను ఆంటీ అంటాడు. పేరు పెట్టి పిలవమని, అది కాకపోతే మేడమ్ అనమని ఎన్నిసార్లు చెప్పానో! "అట్ల పిలిస్తే పరాయోళ్ళను పిలిచినట్టుంటది ఆంటీ" అంటాడు. చరిత్ర చదివినవాడు కాదు. ఆ మాట అతనే అంటాడు. "నాకు హిస్టరీ అంత రాదు ఆంటీ. పిల్లలతోని మాట్లాడుడు వస్తది. మా అక్క పిల్లలను నేనే పెంచిన."

జనవరిలో కర్ర ఊతంతో తిరిగొచ్చాను. బోర్డు ముందు పిల్లల గుంపు. నా బోర్డు ముందు పాతికేళ్ళలో ఎన్నడూ అంత గుంపు చూడలేదు. దగ్గరికెళ్ళి చూస్తే రెండంకెలు తారుమారైన సంవత్సరం ఒకటి కనిపించింది. నిజం చెప్తున్నాను, ఆపరేషన్ తర్వాత నాకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు. నేరుగా డయాన్ గదికి వెళ్ళి తప్పు చూపించాను.

డయాన్ నవ్వింది. "అది పిల్లలు పొద్దున్నే పట్టుకున్నారు. రోజూ ఒక తప్పు పెడతాడట. కనిపెట్టినవాళ్ళకి స్టిక్కర్. అందుకే అక్షరం అక్షరం చదువుతున్నారు."

అది మొదటినుంచీ ఆటేనో, ఒకసారి నిజంగా జరిగిన తప్పు మీద కప్పిన దుప్పటో నాకు ఇప్పటికీ తెలియదు. నా అనుమానం రెండోదే. ఆ వారం నుంచి బోర్డు మళ్ళీ నేనే తీసుకున్నాను. మూడోరోజున ఒక బుడతడు నేను రాసిందంతా వేలుపెట్టి చదివి, "మిస్ వర బోర్డులో తప్పులే ఉండవు" అని నిట్టూర్చి వెళ్ళిపోయాడు. నా పేరు వరలక్ష్మి. అక్కడ మిస్ వరనే. నా పనిని అంతకన్నా మెచ్చుకున్నవాళ్ళూ లేరు, అంతకన్నా అవమానించినవాళ్ళూ లేరు.

జెండా కన్నా పెద్దవాళ్ళు

ఫిబ్రవరి పదిహేను. ఎర్ర ఆకు ఉన్న ఈ దేశపు జెండా మొదటిసారి ఎగిరిన రోజు, 1965లో. ఏటా రాసేదే. రాశాను. పిల్లలు చూశారు, పోయారు. జెండా అన్నది వాళ్ళ లెక్కలో ఆకాశంలాంటిది, ఎప్పట్నుంచో ఉంటుంది.

శ్రీకాంత్ బోర్డు పక్కన నిలబడి గట్టిగా ఒక్కమాట అడిగాడు: "ఈ గదిలో జెండా కన్నా ముందు పుట్టినవాళ్ళెవరు?"

వెనక కుర్చీల్లో ఒకటీ రెండూ మూడూ చేతులు లేచాయి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని అటు తిరిగారు. అనన్య అనే ఎనిమిదేళ్ళ పిల్ల పరిగెత్తుకెళ్ళి వాళ్ళ తాతయ్య రాఘవులు గారి గడ్డం పట్టుకుని, "యూ ఆర్ ఓల్డర్ దేన్ ద ఫ్లాగ్?" అంది. ఆయన ముఖం అప్పుడే ఎవరో దండ వేసినట్టు వెలిగిపోయింది. మరి అంతకుముందు ఏ జెండా ఎగరేసేవాళ్ళని ఒకడు, జెండా లేని రోజుల్లో హాకీకి ఏం ఊపేవాళ్ళని ఇంకొకడు. గంటసేపు చరిత్ర నడిచింది.

సంగతి నాది. తేదీ నాది. పాతికేళ్ళుగా ఏటా రాసిన చెయ్యి నాది. చప్పట్లు అతనికి. నేను కూడా ఆ జెండా కన్నా పెద్దదాన్నే. చెయ్యి ఎత్తలేదు. ఎత్తితే అతని ఆటలో నేనొక బొమ్మనవుతాను.

దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. కొత్తగా చేరేవాళ్ళకి ఇక్కడొక మాట. పిల్లల మధ్య పనిచేసేవాళ్ళం శాంతమూర్తులమని బయటివాళ్ళు అనుకుంటారు. పిల్లలు ఎవరి వైపు పరిగెత్తుతారో అందరూ చూస్తుండగానే పరిగెత్తుతారు, మొహమాటపడరు. అది రోజూ చూస్తూ కడుపు మండకుండా ఉండేవాళ్ళకి ఈ పని మీద అంత ప్రేమ లేదనే నా అభిప్రాయం.

నా చివరి శనివారం

జులై ఒకటి కెనడా డే, లైబ్రరీకి సెలవు. అందుకని ముందొచ్చే శనివారమే పిల్లలతో దేశానికి పుట్టినరోజు పార్టీ చేస్తాం. ఈసారి అదే నా ఆఖరి కార్యక్రమం. దాని తర్వాత రిటైర్మెంట్. నెల్లాళ్ళు కూర్చుని కార్డులు చేశాను. నాలుగు ప్రావిన్సులతో దేశం ఎలా మొదలైంది, మొదట్లో ఈ పండక్కి వేరే పేరెందుకు ఉండేది, అన్నీ బొమ్మలతో. ఒక్కటే కోరుకున్నాను. ఆ ఒక్క శనివారం పిల్లలు నా వైపు చూడాలి. కేకు కోసే పని శ్రీకాంత్‌కి అప్పగించాను, చేతులు ఖాళీగా ఉండకుండా.

కత్తి చేతిలో ఉండగానే అతను అడిగాడు: "దేశానిది సరే. ఇక్కడున్నవాళ్ళలో జులై ఒకటిన పుట్టినవాళ్ళెవరైనా ఉన్నారా?"

పిల్లల్లో ఎవరూ లేరు. వెనక నుంచి రాఘవులు గారు చెయ్యెత్తి, "నాది" అన్నారు. ఆయన పక్కనే కూర్చునే సిద్దిపేట లింగయ్య గారు, "నాది గూడ అదే" అన్నారు. పిల్లలకి పిచ్చెక్కిపోయింది. ఒకే రోజున ఇద్దరు తాతలు! అది కూడా కెనడా డే!

"తాతయ్యా, మరి నాకెందుకు చెప్పలా?" అంది అనన్య, దానికి తెలుగు వచ్చినంతలో.

"అది పుట్టినరోజు కాదమ్మా, సర్టిఫికెట్ రోజు" అన్నారాయన.

ఇది తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. బళ్ళో వేసేటప్పుడు తేదీ ఎవరికీ తెలియదు. హెడ్మాస్టారు పిల్లవాడి ఎత్తు చూసి, వయసు సరిపోయేలా లెక్కకట్టి జులై ఒకటి అని రాసేసుకుంటాడు. ఆ రాతే పరీక్షల్లోకి, పాస్‌పోర్టులోకి, ఇక్కడ స్థిరపడ్డాక ఇచ్చే పీఆర్ కార్డులోకి వస్తుంది. శ్రీకాంత్ ఇదంతా ఇంగ్లీషులో పిల్లలకి చెప్పి, పెద్దాయన వైపు తిరిగాడు.

"మరి నిజంగ ఎప్పుడు పుట్టిన్రు?"

"తేదీ తెలీదు బాబూ. కృష్ణకి వరదొచ్చి మా గేదెని మిద్దె ఎక్కించిన రోజున."

అది ఇంగ్లీషులోకి మారగానే గది పైకప్పు లేచిపోయింది. గేదె మెట్లెలా ఎక్కింది? అదిగో, రెండో ప్రశ్న. రాఘవులు గారు తాపీగా, "ముందు దూడని ఎక్కించారు. తల్లి దానంతటదే ఎక్కింది. దించడానికే మా వాళ్ళ తాతలు దిగొచ్చారు" అన్నారు.

లింగయ్య గారు ఇక ఆగలేదు. "నేను మా ఊర్లకు కరెంటొచ్చిన నాడు పుట్టిన. ఆ రాత్రి మా నాయినమ్మ బల్బు కింద నిలవడి, పండుకునే ముందు దీపం ఆర్పాలె గదా అని, ఉఫ్ ఉఫ్ అని ఊదిందంట. ఆరకపోయేసరికి తిట్టిందంట."

పిల్లలందరూ తలలెత్తి లైబ్రరీ లైట్లని ఊదడం మొదలుపెట్టారు. నా కార్డులు పెట్టెలోనే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

శ్రీకాంత్ మీద మండిందా అంటే మండింది. కానీ అంతకన్నా ఎక్కువగా ఆ ఇద్దరు తాతల మీద మండింది. తేదీ లేకపోతేనేం, వాళ్ళకి గేదె ఉంది, బల్బు ఉంది. అంతలో అనన్య నా వైపు తిరిగి, "మిస్ వర, మీ పుట్టినరోజెప్పుడు?" అంది.

"జులై ఒకటి" అన్నాను. గదంతా గొల్లున నవ్వింది.

"నిజంగా అయితే? ఆ రోజేమైంది?"

ఏమీ కాలేదు. జాతకాలు రాయించుకునే ఇల్లు కాదు మాది. మా అన్నయ్య పుట్టిన రోజున మా ఊరికి మొదటి బస్సొచ్చింది. డ్రైవరు మా ఇంటి ముందు హారన్ కొట్టి మిఠాయి పెట్టి వెళ్ళాడట. ఊళ్ళో వాడు పెళ్ళీడుకొచ్చేదాకా బస్సు బాబే. మరి నేనో అని అమ్మని ఎన్నిసార్లడిగినా, "నువ్వా? ఏదో ముసురు పట్టిన రోజులే" అనేది. ఆ బస్సు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఈ లైబ్రరీలో ప్రతి పిల్లకీ వాళ్ళ రోజేదో రాసి చేతికిచ్చాను. నాకు రాసుకోవడానికి మాత్రం ఏమీ లేదు.

"వాన పడింది" అన్నాను అనన్యతో.

"అది హిస్టరీ కాదు, వెదర్" అంది ఆ పిల్ల.

అన్నయ్య ఎక్కడున్నాడు

మర్నాడు ఆదివారం. విజయవాడలో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశాను. నేను పుట్టేనాటికి వాడికి ఆరేళ్ళో ఏడేళ్ళో.

"అన్నయ్యా, నేను పుట్టిన రోజు నీకేమైనా గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? ఆ రోజంతా నేను అటక మీదే ఉన్నాగా."

"అటక మీద ఏం చేశావు?"

"అలిగాను. అప్పటిదాకా ఇంట్లో నేనొక్కణ్ణే కదే. పొద్దున్నే నువ్వు పుట్టావన్నారు. ఇంట్లో ఒక్కళ్ళు నా వంక చూస్తేగా! నిచ్చెనేసుకుని ఎక్కి, ఆ నిచ్చెన కూడా పైకి లాగేసుకున్నా. నాన్న బతిమాలాడు, తాత తిట్టాడు. ముసురులో ఇరుగుపొరుగంతా మనింట్లోనే నిలబడ్డారు, నిన్ను చూడ్డానికి కాదు, నన్ను దించడానికి."

"అమ్మ నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. బస్సు బాబు అసూయతో అటకెక్కి కూర్చున్నాడంటే పరువుంటుందా?"

ఏళ్ళ తరబడి అలవాటైన ప్రశ్నే నోటికొచ్చింది. "మరి ఎలా దిగావు?"

"నానమ్మ నిన్ను పాత పంచెలో చుట్టి, నాకు కనపడేలా రెండు చేతులతో పైకెత్తింది. నువ్వు తుమ్మావు. అంత ముక్కు కూడా తుమ్ముతుందని నాకు తెలీదే. ఇంకోసారి తుమ్మితే దగ్గర్నుంచి చూద్దామని దిగాను."

"తుమ్మానా?"

"లేదు. అప్పట్నుంచీ కాచుక్కూర్చున్నా" అన్నాడు అన్నయ్య.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి ఏడ్చాను, నవ్వాను. అరవై ఏళ్ళు దాటినా వాడి బస్సు మీద నేను కుళ్ళుకుంటూనే ఉన్నాను. నేను పుట్టిన రోజున ఊళ్ళో జరిగిన ఒకే ఒక్క సంగతి, వాడు నా మీద కుళ్ళుకోవడం.

తర్వాతి శనివారం లైబ్రరీకి వెళ్ళాను. ఇప్పుడు నాది వెనకాల కుర్చీ. బోర్డు శ్రీకాంత్‌ది. శనివారం కార్యక్రమమూ అతనిదే. చివర్లో ఎవరైనా ఏమైనా చెప్తారా అంటే, రాఘవులు గారి కన్నా ముందు చెయ్యెత్తాను. అటక, నిచ్చెన, ముసురు అన్నీ చెప్పి ఆపాను. "ఎలా దిగాడు?" అని గదంతా ఒక్కసారిగా అరిచింది. జవాబు చేతిలో ఉంది. తుమ్మి చూపించాను. ఆ తర్వాత పావుగంటసేపు లైబ్రరీలో తుమ్ములే. అనన్య ఆరెంజి అట్టముక్క మీద "మిస్ వర పుట్టింది, అన్నయ్య అటకెక్కాడు" అని ఇంగ్లీషులో రాసి నా బ్యాగుకి తగిలించింది.

శ్రీకాంత్ నాతో బస్‌స్టాప్ దాకా నడిచాడు.

"నాకు ఇట్లాంటిది ఒక్కటి లేదు ఆంటీ" అన్నాడు దారిలో. "నిజామాబాద్ దవాఖానల పుట్టిన. డేటుంది, టైముంది, ఎంత బరువున్ననో అది గూడ ఉంది. కథే లేదు."

నా బ్యాగుకి వేలాడుతున్న అట్టముక్క వైపు చూస్తూ అన్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆర్నెల్లుగా అద్దంలో చూస్తున్నాను.

మీ అక్కకి ఫోన్ చేసి అడగవయ్యా, నువ్వు పుట్టినప్పుడు ఆవిడ ఎక్కడుందో అని అతనికి చెప్పాలి. చెప్తాను. ఇంకో వారం పోనిచ్చి చెప్తాను.